తవిటేసు పెంచిన గడ్డాలు

ఆ ఏడాది నరసన్నపేట బస్టాండు వీధిలో మగవాళ్ళంతా గడ్డాలు పెంచారు. బట్టల కొట్టు గుమాస్తాలు పెంచారు, బ్యాంకు క్యాషియరు పెంచాడు, ఆర్నెల్లలో రిటైరయ్యే లెక్కల మేస్టారు కూడా పెంచాడు. సినిమా వల్లనో క్రికెట్ వల్లనో పట్టిన మోజనుకున్నారు జనం. సినిమా కాదు, క్రికెట్టూ కాదు. తవిటేసు కుడిచెయ్యి వణకడం వల్ల వచ్చిందది.

ఆ సంగతి తవిటేసుకి ఒక్కడికే తెలుసు. అతనలా అనుకున్నాడు.

తవిటేసుకి నలభై ఎనిమిదేళ్ళు. వీధిలో మూడో మలుపు దగ్గర 'తులసి హెయిర్ స్టైల్స్' అతనిది. తులసి అతని మేనమామ కూతురు, పెళ్ళాం. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. అతని తండ్రి పొద్దున్నా సాయంత్రం గుళ్ళో సన్నాయి ఊదేవాడు, నడుమ ఊళ్ళో వాళ్ళకి క్షౌరం చేసేవాడు. కొడుక్కి సన్నాయి అబ్బలేదు. బుగ్గలు పొంగించడం తప్ప స్వరం పలికేది కాదు. కత్తి మాత్రం పదేళ్ళకే చేతికి అమిరింది. "ఆడు గీత్తంటే కునుకు పడతాది" అనేవారు ఊళ్ళో. గొంతు మీద కత్తి పెట్టుకుని మనిషి నిద్రపోతున్నాడంటే, ఈ పనిలో అంతకన్నా పెద్ద మర్యాద ఇంకేముంటుంది చెప్పండి.

సెలూను వాడి పంచాంగం వేరు. ఎండలు ముదిరితే బడిపిల్లల తలలు దొర్లుకుంటూ వస్తాయి, అన్నీ ఒకే తీరుగా నున్నగా దించాలి. ఏప్రిల్ సగంలో సముద్రం మీద వేట ఆపుతారు. గుజరాతు బోట్లకి వలసపోయిన కుర్రాళ్ళు ఇళ్ళకొస్తారు. ఉప్పుగాలికి చీపురులా బిరుసెక్కిన జుట్టుతో కుర్చీలో కూలబడి, ఫోన్లో ఎవడిదో బొమ్మ చూపించి "ఇలగ కొట్టు మావా" అంటారు. జూన్‌లో బళ్ళు తెరుస్తారు. ఆ బొమ్మ తలలు చూసి ఒళ్ళు మండిన హెడ్మాస్టర్లు వెనక్కి పంపిన పిల్లలు మళ్ళీ వస్తారు. శ్రావణంలో పెళ్ళికొడుకులు, వినాయక చవితికి తలకి ఎర్రరంగు కొట్టించుకునే నిమజ్జనం ఊరేగింపు కుర్రాళ్ళు, సంక్రాంతికి ఊరంతా. ఒక్క కార్తీకంలోనే ఈగలు తోలుకోవాలి. అయ్యప్ప మాలలు వేసుకున్నవాళ్ళు నలభై ఒక్క రోజులు కత్తి ముట్టనివ్వరు. ముప్ఫై ఏళ్ళు తవిటేసు కార్తీక మాసాన్ని తిట్టుకుంటూ బతికాడు. ఆ మాసం కోసమే రోజులు లెక్కపెట్టే గతి పడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

మొదట నురగ దగ్గర బయటపడింది. మే నెలలో షాపు కిటకిటలాడుతుంటే, ఎవరికో గడ్డానికి నురగ పట్టిస్తున్నాడు. బ్రష్షు పోయి చెవిలో దూరింది. "కొత్త మసాజేటి మావా" అని ఆ కుర్రాడు నవ్వాడు. తవిటేసూ నవ్వాడు. వారం తిరక్కుండా మళ్ళీ అదే జరిగింది. మొదట్లో చెయ్యి కిందికి వదిలేస్తే మామూలుగానే ఉండేది. ఏదైనా పట్టుకుని ఎత్తితే చాలు, మణికట్టు దగ్గర ఎవరో కూచుని తీగ లాగుతున్నట్టు వణుకుతుంది. నలుగురు చూస్తుంటే మరీ ఎక్కువ.

ఒక మంగళవారం షాపు కట్టేసి, పెళ్ళాంతో బ్లేడ్లు కొనడానికెళ్తున్నానని చెప్పి, శ్రీకాకుళంలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు ఒక కాగితం ఇచ్చి దాని మీద గుండ్రంగా చుట్టలు గీయమన్నాడు. తవిటేసు గీసిన చుట్ట చీమ కుట్టిన పామల్లే ఉంది.

"ప్రాణానికేం భయం లేదు. మాత్రలు వాడితే కొంత అదుపులో ఉంటుంది" అన్నాడు డాక్టరు.

"పూర్తిగా పోదాండి?"

"పోదు. సన్నపనులు మానుకోవాలి. ఏం పని చేస్తావు?"

"ఎవసాయమండి" అన్నాడు తవిటేసు.

డాక్టరుకి కూడా అబద్ధం చెప్పాడు చూడండి. చెబితే ఆయన నోట్లోంచి కత్తి వదిలెయ్యమనే మాట వస్తుందని భయం. మాత్రలు షాపులో పాత పౌడరు డబ్బాలో దాచాడు. అవి వేసుకుంటే నిద్ర ముంచుకొచ్చేది కానీ చెయ్యి మాట వినేది కాదు. అప్పుడే గడ్డాల ఆలోచన వచ్చింది. మెషీన్‌తో పనయితే ఇబ్బంది లేదు. దానికి ప్లాస్టిక్ దువ్వెన తొడిగితే చెయ్యి ఎంత వణికినా తోలు తెగదు. వణుకంతా కత్తి దగ్గరే. అందుకని కుర్చీలో కూచున్న ప్రతివాడికీ నూరిపోయడం మొదలుపెట్టాడు.

"నున్నగా గీయించుకునీవోల్లు ఇప్పుడెవులున్నారు మేస్టారూ, పాతబడిపోనాది. మీ మొకానికి గెడ్డముంటేనా, కలెక్టరు లాగుంటారు."

ముప్ఫై ఏళ్ళ నమ్మకం కదా, విన్నారు. మెషీన్‌తో అంచులు సర్ది పంపించాడు. రెండు నెలల్లో వీధి వీధంతా మారిపోయింది. కుర్రాళ్ళకి తలపక్కల దించి పైన ఉంచే ఫేడ్ కటింగులు, పెద్దలకి గడ్డాలు. తవిటేసు మోడరన్ అయిపోయాడన్నారు. అద్దంలో ఆ గడ్డాల మొహాలు చూసినప్పుడల్లా అతను చూపు తిప్పుకునేవాడు. ఏం చేస్తాడు మరి. ఇంకో పని చేతకాదు. పొలం లేదు. ఈ చేతికి కత్తి నిలవదని ఒక్కడికి తెలిసిందా, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. తెలిశాక ఎవడొచ్చి గొంతు చాస్తాడు.

ఆ మధ్యనుంచే తులసి టీ సగం గ్లాసు పోసి ఇవ్వడం మొదలెట్టింది. అయిపోయాక మళ్ళీ తెచ్చేది, అదీ సగమే.

"పాలోడు మానేసినాడేటే" అని విసుక్కున్నాడొకసారి.

"ఏడి ఏడిగా తాగితే మంచిదని రెండుసార్లు పోత్తన్నాను. తాగు" అంది.

పిసినారిదైపోయిందనుకున్నాడు.

శ్రావణంలో చుట్టాల పెళ్ళికి వెళ్తే ఎవరో బలవంతాన ఒక పెగ్గు పట్టించారు. తాగే అలవాటు లేని మనిషి. అరగంటకి చూసుకుంటే చెయ్యి రాయిలా ఉంది. పక్కకెళ్ళి అగ్గిపెట్టెలోంచి రెండు పుల్లలు తీసి మొనమీద మొన ఆనించాడు, కదల్లేదు. ఎన్నాళ్ళకో దొరికిన చుట్టంలా తన చేతిని చూసుకుని, పెళ్ళి పందిరి వెనక ఒంటరిగా నిలబడి ఏడ్చాడు. మర్నాటి నుంచి అద్దం వెనక చిన్న సీసా చేరింది. కత్తి పని తప్పని రోజున పొద్దున్నే ఒక గుక్క. ఆ తరవాత రెండు. దసరా వచ్చేసరికి సగం సీసాకి గానీ చెయ్యి నిలిచేది కాదు.

తులసి ముక్కు మూసుకుని కూచుంటుందా? ఒకరోజు పొద్దున్నే షాపు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"బావా, పొద్దున్నే తాగి కత్తట్టుకుంతన్నావేటి?"

"నోరు మూసుకోని లోనకెల్లు."

అంత మాట అతను ఆమెనెప్పుడూ అనలేదు. ఆమె సగం గ్లాసు టీ అద్దం ముందు పెట్టి లోపలికి వెళ్ళింది.

కార్తీకం వచ్చింది. తవిటేసు మాల వేసుకున్నాడు.

భక్తితో కాదు. మాల వేసుకున్న క్షురకుడు నలభై ఒక్క రోజులు కత్తి పట్టడు, అడిగేవాడుండడు. మందు ముట్టడు, ఆ అలవాటూ తెగుతుంది. ఈలోగా నరాలకి విశ్రాంతి దొరికి చెయ్యి దానంతటదే సర్దుకుంటుందేమో. నల్లబట్టల వెనక దాక్కోవచ్చని లెక్కేశాడు. లెక్క బాగానే ఉంది. దేవుడి చాటున దాక్కుంటే జనం కళ్ళు తన మీదే ఉంటాయన్న ఇంగితం లేకపోయింది, అంతే.

గురుస్వామి కూర్మినాయుడు ధాన్యం వ్యాపారి. పద్దెనిమిదిసార్లు కొండకి వెళ్ళొచ్చినవాడు, మాటకి ఊళ్ళో తిరుగులేదు. మామూలు రోజుల్లో "ఒరే తవిటేసూ" అని కేకేసి పనివాణ్ణి పిలిచినట్టు పిలిచే మనిషి, మాల మెడలో పడగానే "తవిటేసు స్వామీ" అని వంగి కాళ్ళకి దండం పెట్టాడు. దీక్షలో ఎవరికెవరైనా పెట్టాల్సిందే, అది వాళ్ళ నియమం. తవిటేసుకి మాత్రం ముళ్ళమీద నిలబడ్డట్టయింది.

మూడో వారం నాయుడింట్లో భజన. డోలక్ జోరందుకుంది. శరణుఘోష పెట్టి స్వాములందరూ చేతులు పైకెత్తారు. తవిటేసూ ఎత్తాడు. ఎత్తగానే కుడిచెయ్యి మొదలెట్టింది. దించేద్దామనుకున్నాడు. నలుగురూ ఎత్తి ఉంచారు, తనొక్కడూ దించితే చూస్తారని దించలేదు. చూస్తారన్న భయానికి ఇంకా వణికింది. మణికట్టు నుంచి మోచేతికి, మోచేతి నుంచి భుజానికి పాకింది. డోలక్ వాడు అది చూసి ఇంకా జోరు పెంచాడు.

"సామొచ్చినాడు" అంది ఎవరో ముసలమ్మ.

కూర్మినాయుడు లేచి వచ్చి అతని పాదాల మీద పడ్డాడు. ఆయన వెనకే మిగతావాళ్ళు. ఆడవాళ్ళు పిల్లల్ని తెచ్చి ఆ వణికే చెయ్యి వాళ్ళ తలలమీద పెట్టించుకున్నారు. నాయుడి కూతురు ఝాన్సీ తన తొమ్మిదినెలల కొడుకు బాబీని ఎత్తి పట్టుకుంది. ఆ చిన్నవాడి తలమీద తన చెయ్యి టకటక కొట్టుకుంటుంటే, భూమి చీలి లోపలికి పోతే బాగుణ్ణనిపించింది తవిటేసుకి. చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి అనుకున్నాడు. నోరు తెరిస్తే 'శరణమయ్యప్పా' అనే మాటే వచ్చింది.

అప్పట్నుంచి ప్రతి భజనకీ అతన్ని ముందు కూచోబెట్టారు. కొండకి వెళ్ళి పద్దెనిమిది మెట్లూ ఎక్కాడు. నెత్తిమీద ఇరుముడి జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని ఒక్కటే కోరాడు. ఇల్లొద్దు, మేడొద్దు, నా చెయ్యి నాకిచ్చెయ్ స్వామీ అన్నాడు. వెనక నుంచి తోస్తున్నారు. రెండు క్షణాలు కూడా నిలబడనివ్వలేదు.

తిరిగొచ్చి మాల తీసిన మర్నాడు పొద్దున్నే, కూడా వెళ్ళిన పదిమంది స్వాములూ నలభై రోజుల గడ్డాలతో షాపు ముందు వరసకట్టారు.

"నీ సేత్తోనే తీయించుకోవాలని దార్లోనే అనుకున్నాం స్వామీ" అన్నాడు కూర్మినాయుడు ముందుగా కుర్చీలో కూచుంటూ. "మెసీన్ గట్రా ఒద్దు. కత్తే ఎట్టు."

దాక్కుందామని వెళ్ళిన చోటే పది గొంతులు మూటగట్టుకుని వచ్చాడన్నమాట. తవిటేసు అద్దం వెనక చెయ్యి పెట్టి సీసా తీసి, పెరట్లోకి వెళ్ళి, మొత్తం ఎత్తి తాగేశాడు. కొండ నుంచి వచ్చి ఒక్క రాత్రే గడిచింది. యాలకులు నమిలి లోపలికి వచ్చాడు. చెయ్యి నిలిచింది. పది గడ్డాలూ గీశాడు. ఎవరికీ గాటు పడలేదు. కూర్మినాయుడు కుర్చీలోనే చిన్న కునుకు తీసి లేచాడు.

లేచి, చెంపలు తడుముకుని అన్నాడు. "మాగంలో మా బాబీగాడికి పుట్టెంటికలు తీయించాలి. సింహాచలం ఎల్దామనుకున్నాం. ఇప్పుడొద్దు. సామొచ్చిన సెయ్యి ఊర్లోనే ఉన్నాది గదా. మా వాకిట్లోనే, నువ్వే తియ్యాలి."

"అప్పన్న మొక్కు తప్పకూడదు నాయుడు బాబూ" అన్నాడు తవిటేసు. "సింహాచలమే తీసుకెల్లండి."

"మొక్కు డబ్బులు హుండీలో ఏసేత్తాం. నువ్వింక మాటాడకు."

మాఘంలో ఒక గురువారం పొద్దున ముహూర్తం పెట్టారు. నడుమ పాతిక రోజులు. ఆ పాతిక రోజులూ తవిటేసు ఎలా గడిపాడో అడక్కండి. రోజూ పొద్దున్నే పెరట్లో బూడిదగుమ్మడికాయ మీద నురగ పూసి కత్తితో తీయడం సాధన చేశాడు. తాగకుండా తీస్తే కాయ నిండా గాట్లు. తాగి తీస్తే మొదట్లో శుభ్రంగా వచ్చేది. రెండో వారానికి తాగినా సన్నగా అదురు మిగిలింది. ఇంకొంచెం తాగాడు. అదురు తగ్గింది గానీ కాయ రెండుగా కనిపించింది. గాట్లుపడ్డ గుమ్మడికాయలు తులసికి కనిపించకుండా గోడవతల పారేశాడు. మర్నాడు చూస్తే అందులో రెండు వంటింట్లో తరిగి ఉన్నాయి. తులసి వాటితో వడియాలు పెట్టింది.

నాయుడికి చెప్పేద్దామని మూడుసార్లు ఆయన గోడౌను దాకా వెళ్ళాడు. మొదటిసారి ఆయన లేడు. రెండోసారి నలుగురుంటే నోరు పెగల్లేదు. మూడోసారి ఒక్కడే ఉన్నాడు. "ఏటి స్వామీ ఇలగొచ్చినావు" అని కుర్చీ చూపించాడు. ఇన్నేళ్ళలో ఆయన గోడౌనులో తవిటేసుకి కుర్చీ వెయ్యడం అదే మొదలు. కూచుని, చలి గురించి మాట్లాడి వచ్చేశాడు. ఆ కుర్చీ నోరు కట్టేసింది. మనిషి భయానికే కాదు, మర్యాదకి కూడా లొంగిపోతాడు.

గురువారం వచ్చింది. తెల్లారగానే తవిటేసు స్నానం చేసి, కొత్త బ్లేడు వేసిన కత్తి, కత్తెర, పటిక ముక్క, పసుపు గుడ్డ సంచిలో సర్దుకున్నాడు. అద్దం వెనక సీసా తీసి మూత తిప్పాడు. వాసన గుప్పుమంది. తాగితే చెయ్యి నిలుస్తుందేమో. కళ్ళు నిలవవు. పైగా పదకొండు నెలల బిడ్డ. మాడు ఇంకా పూడి ఉండదు, చర్మం కింద లపలపలాడుతుంటుంది. దాని మీదకి ఈ కంపు నోరు పెట్టుకుని వంగాలి. సీసా చేతిలో పట్టుకుని చాలాసేపు కూచున్నాడు. ఆ తరవాత మోరీలో వంచేశాడు. మంచితనం వచ్చి కాదు. రెండు దారులూ మూసుకుపోయాక ఏ దారైతేనేమని.

"నానూ వత్తాను" అంది తులసి, చీర మార్చుకుని గుమ్మంలో నిలబడి.

"నువ్వెందుకే?"

"పిలిసినారు కదా."

నాయుడి వాకిలి నిండా షామియానా, కుర్చీలు, జనం. కూడా కొండకెళ్ళిన స్వాములందరూ ముందు వరసలో ఉన్నారు. పీట మీద మేనమామ గోపి కూచున్నాడు. వాడు నాయుడి కొడుకు, ఝాన్సీకి తమ్ముడు. వాడి ఒళ్ళో బాబీ, కొత్త జుబ్బా వేసుకుని చుట్టూ చూస్తూ, బొటనవేలు చప్పరిస్తూ. పంతులు చెప్పగా గోపి కత్తెరతో మూడు కుచ్చులు తీసి పళ్ళెంలో వేశాడు. అది మేనమామ వంతు. మిగతాది తవిటేసు వంతు.

నీళ్ళు చల్లి తల తడిపాడు. వెంట్రుకలు పట్టుకుచ్చులా ఉన్నాయి. అరచేయి కింద మాడు కొట్టుకుంటోంది. ఆ కొట్టుకోవడం తన చేతిదో బిడ్డ మాడుదో తెలియలేదు. ఎడమచేత్తో తల పట్టుకుని కుడిచేత్తో కత్తి ఎత్తాడు.

కత్తి వణికింది. ఎండ తగిలి దాని మెరుపు గోపి చొక్కా మీద అటూ ఇటూ గంతులేసింది. గోపి కళ్ళు అటే చూశాయి. వాడికి భయమేసింది, కానీ తండ్రి మొహం చూసి ఊరుకున్నాడు.

కూర్మినాయుడు రెండు చేతులూ జోడించాడు. "స్వామియే" అన్నాడు.

"శరణమయ్యప్పా" అన్నారు అందరూ.

ఇంకో ఘోష. ఇంకోటి. ఒక్కో ఘోషకి చెయ్యి ఇంకా ఎక్కువ వణికింది, వణికే కొద్దీ ఘోష పెరిగింది. ఎవరో హారతి కర్పూరం వెలిగించారు. ఆడవాళ్ళ మధ్య తులసి లేచి నిలబడింది. తవిటేసు ఆమె వంక చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, వద్దన్నట్టు, చాలా నెమ్మదిగా.

బాబీకి మాత్రం ఇదంతా ఆటగా ఉంది. కళ్ళముందు తళతళలాడుతూ గంతులేస్తున్న ఆ కత్తిని చూసి కిలకిలా నవ్వి, నోట్లోంచి వేలు తీసి, దాన్ని పట్టుకోవడానికి చెయ్యి చాచాడు.

తవిటేసు ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. బ్లేడు అతని అరచేతిలోనే దిగింది. రక్తం బొట్లు బొట్లుగా తడి జుట్టు మీద పడి బిడ్డ నుదుటి మీదికి జారింది. ఝాన్సీ ఒక్క అరుపు అరిచి బిడ్డని లాక్కుంది. ఘోష ఆగిపోయింది.

"నా నెత్తురేనమ్మా" అన్నాడు తవిటేసు. "గుంటడికేటీ తగల్నేదు. నీళ్ళోసి సూసుకో. నాదే."

ఝాన్సీ నీళ్ళు పోసి, వెంట్రుకలు పాయలు తీసి తీసి చూసింది. చిన్న గీత కూడా లేదు. బిడ్డ ఇప్పుడు ఏడుస్తున్నాడు, తల్లి ఏడుస్తోందని.

"సామి ఉగ్రం మీదున్నాడు" అన్నాడు స్వాముల్లో ఒకడు మెల్లగా. "పటికబెల్లం పంచండి, శాంతిత్తాడు."

అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. వాళ్ళే ఒక దారి తెరిచి పెట్టారు. స్వామి ఉగ్రమని చెప్పి, చేతికి గుడ్డ చుట్టుకుని, పటికబెల్లం తిని ఇంటికెళ్ళిపోవచ్చు. తవిటేసు కత్తి మడిచి పీట మీద పెట్టాడు.

"సామీ నేదు ఏటీ నేదు" అన్నాడు. "ఇది రోగం నాయుడు బాబూ. ఏసంగి కాడ మొదలయినాది. శ్రీకాకుళంలో డాట్రుకి సూపించినాను, తగ్గదన్నాడు. బజన్లో వొణికిందీ ఇదే. నానే సెప్పనేదు. మొన్న మీ గెడ్డాలు తీసినప్పుడు తాగి తీసినాను."

కర్పూరం కాలి పళ్ళెంలో ఆరిపోయింది. కూర్మినాయుడు తన చెంప మీద చెయ్యి వేసుకున్నాడు, అక్కడ ఇంకా కత్తి ఉన్నట్టు.

"ఒరే తవిటేసూ" అన్నాడు. స్వామి పోయాడు, ఒరే వచ్చింది. "నీ కాల్ల మీద పడ్డాను గదరా. మా గుంటడి నెత్తిమీద నీ సెయ్యెట్టించినాను."

"అవును బాబూ."

"లెగు. ఎల్లు."

లేచాడు. సంచి సర్దుకోబోతే చెయ్యి సహకరించలేదు, కత్తెర కింద పడింది. తులసి వచ్చి అన్నీ ఏరి సంచిలో వేసుకుంది. తన పమిట చెంగు చింపి అతని అరచేతికి కట్టింది. వాళ్ళు గేటు దాటుతుంటే, సంత వీధి సెలూను వాడికి ఎవరో ఫోన్ చేస్తున్నారు, వెంటనే రమ్మని, ముహూర్తం దాటిపోతోందని.

శుక్రవారం షాపు తీశాడు. ఎవరూ రాలేదు. శనివారం ఒకతను తెలియక వచ్చి కుర్చీలో కూచున్నాడు, బయట నుంచి ఎవరో పిలిస్తే వెళ్ళి, మళ్ళీ రాలేదు. ఆదివారం, అంటే సెలూన్లో ఊపిరాడని రోజు, తవిటేసు అద్దం తుడిచాడు, తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాడు. మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి వీధి చూశాడు. బట్టల కొట్టు గుమాస్తాలిద్దరూ నున్నటి మొహాలతో నడిచి వెళ్తున్నారు. బ్యాంకు క్యాషియరు కూడా గీయించేశాడు. లెక్కల మేస్టారు ఇటు చూసి, గడ్డం లేని చుబుకం చేత్తో కప్పుకుని, అటుపక్క నుంచి నడిచాడు. తనకే సిగ్గయినట్టు నడిచాడు పాపం. వారం తిరిగేసరికి ఆ వీధిలో ఒక్క గడ్డం మిగల్లేదు. అన్నీ సంత వీధి షాపులో రాలాయి.

తవిటేసు షట్టరు సగానికి దించి కుర్చీలో, ఎప్పుడూ జనం కూచునే కుర్చీలో, కూచున్నాడు. ఎదురుగా అద్దంలో తన మొహం. ఆ గురువారం నుంచీ గడ్డం తీసుకోలేదు, తెల్లగా మొలుస్తోంది.

తులసి లోపల నుంచి టీ తెచ్చి అద్దం ముందు పెట్టింది. సగం గ్లాసు.

అతను ఆ గ్లాసు వంక చూశాడు. ఇన్నాళ్ళూ తాగిన సగం గ్లాసులన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"ఎప్పుడు తెలిసినాదే నీకు?" అన్నాడు.

"ఆషాడంలో. గ్లాసు నిండా పోసిత్తే తువ్వాలు మీద ఒలికింది. నాను సూడకుండా మడిసేసినావు." ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. "పౌడరు డబ్బాలో మాత్రలు సూసినాను. చీటీ రాసుకోని మందుల షాపులో అడిగినాను, ఏటికని. సెప్పినారు."

"మరి నాకు సెప్పనేదేటే?"

"నువ్వే సెప్తావని సూసినాను బావా. ఈయేల సెప్తావు, రేపు సెప్తావని." ఆమె పౌడరు డబ్బా తీసి అతని ముందు పెట్టింది. "ఊరంతటికీ సెప్పేసినావు. నాకింకా సెప్పనేదు."

తవిటేసు తల దించుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుపులో కూడా ఎడమచెయ్యి కుడిచేతిని గట్టిగా అదిమి పట్టుకునే ఉంది, ఎన్నాళ్ళ అలవాటో. తులసి వంగి, ఆ ఎడమచేతిని, కట్టుకట్టిన చేతిని, మెల్లగా విడదీసి పక్కన పెట్టింది. కుడిచెయ్యి కుర్చీ చేతి మీద తన ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంది.

"నా సెయ్యి పోనాదే తులసీ" అన్నాడు.

"ఊఁ" అంది.

"ఇంక నానేటి సేత్తాను?"

బయట ఎవరో షట్టరు కిందుగా వంగి చూసి, షాపు లేదనుకుని వెళ్ళిపోయారు.

"నిండా పొయ్యి" అన్నాడు తవిటేసు, గ్లాసు వంక చూపించి.

ఆమె లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చి అంచు దాకా పోసింది. అతను గ్లాసు కుడిచేత్తో ఎత్తాడు. చొక్కా మీద ఒలికింది, కుర్చీ మీద ఒలికింది, గచ్చు మీద ఒలికింది. తులసి తుడవలేదు. నోటి దాకా వచ్చేసరికి సగమే మిగిలింది. అది తాగాడు.